ఇంట్లో కొణతం వుంది, ఆ వీరుడెవరో తెలిసేదెలా?

కారంపూడి వీరుల ఆచారవంతులకు పాట, పుస్తకం, కరణం కట్ట చెప్పే సంగతులు

చిలకలూరిపేట: కార్తీకమాసం ముగిసే నాటికి పల్నాటి సీమలో కొన్ని ఇళ్ళలో ఒక పాత ఆయుధం దేవుడి గూటిలో నుంచి బయటికి వస్తుంది. దానిని తోమి, పసుపు కుంకుమలు పెట్టి, ఇంటివారు భక్తితో కారంపూడికి మోసుకుపోతారు. దీనినే కొణతం అంటారు. పన్నెండో శతాబ్దంలో జరిగిన పల్నాటి యుద్ధంలో నేలకొరిగిన వీరుల పేరు మీద ఈ కొణతాలు తరతరాలుగా నిలిచి వున్నాయి. వాటిని మోసేవారు వీరాచారవంతులు. పల్నాటిలోనే గాక ఇరుగు పొరుగు జిల్లాలలోనూ ఈ ఆచారం వున్న కుటుంబాలు వున్నాయి.

మోసేవారికి భక్తి వుంది. ఉపవాసం వుంది. కాని "ఈ కొణతం ఎవరిది? ఆయన ఎట్లా బతికాడు, ఎట్లా చనిపోయాడు?" అని చదువుకొన్న మనుమడు అడిగితే చాలా ఇళ్ళలో పెద్దవారు "మన వీరుడు నాయనా" అని ఊరుకొంటారు. అంతకు మించి చెప్పగలిగిన వారు ఏటేటా తగ్గిపోతున్నారు. ఎనిమిది వందల సంవత్సరాల కిందటి మనిషి జాడ తీయడం సాధ్యమా అని ఎవరికైనా సందేహం కలుగుతుంది. కొంతవరకు సాధ్యమే. ఎంతవరకు అన్నది తెలిసి మొదలుపెడితే నిరాశ వుండదు.

తిథి తెలియని చావులకు ఒక అమావాస్య

మన ఇళ్ళలో తిథి తెలియని పెద్దలను మహాలయ అమావాస్య నాడు తలుచుకోవడం వాడుక. పల్నాటి వీరులకు కార్తీక అమావాస్య అటువంటిది. ఆ రోజు మొదలై అయిదు రోజులు కారంపూడిలో వీరుల ఉత్సవాలు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఆ రోజులకు పేర్లు. పీఠం పిడుగు వంశం వారిది. కొణతాలను నాగులేరులో గంగధారి మడుగు వద్ద స్నానం చేయించి వీర్లగుడికి తెస్తారు. అరవై ఆరుగురు వీరనాయకులు అని అక్కడ లెక్క.

ఈ రోజుల పేర్లే కథకు విషయసూచిక. రాయబారం అంటే అలరాజు రాయబారం. మందపోరు అంటే ఆలమందల కోసం జరిగిన పోరు. కోడిపోరు అంటే రాజ్యాన్ని పందెంగా ఒడ్డిన కోడిపందెం. కల్లిపాడు అంటే కడపటి యుద్ధం. ఇంటివారికి తమ వీరుని పేరు గుర్తు లేకపోయినా, "మన కొణతానికి ఏ రోజు ముఖ్యం?" అన్నది గుర్తుంటే కథలో ఎక్కడ వెతకాలో సగం తెలిసినట్లే. పురుషోత్తమపట్నంలో కోటప్పకొండ ప్రభలను ఇంటిపేర్లతో పిలిచినట్లు, అక్కడ ఏ కొణతం ఎవరిదో వరుస వరుసగా ఆచారంలోనే భద్రమై వుంది.

చావులన్నీ ఒక తీరువి కావు

యుద్ధమంటే అందరూ కత్తిపోట్లకే చనిపోయి వుంటారని అనుకోవడం సహజం. పల్నాటి కథ అట్లా చెప్పదు.

మాచర్ల పక్షాన సంధి మాటలాడడానికి వెళ్ళిన అలరాజు యుద్ధభూమిని చూడనేలేదు. ఆయన కొమ్మరాజు కొడుకు. గురజాల నలగామరాజుకు స్వయానా అల్లుడు. మామ దగ్గరికి రాయబారిగా వెళ్ళి, చర్లగుడిపాడులో విషప్రయోగానికి ప్రాణం విడిచాడని కథ. భార్య పేరమ్మ సహగమనం చేసింది. ఆ చావుతోనే సంధి ఆశ పోయింది, యుద్ధం తప్పనిదయింది.

అనపోతు బ్రాహ్మణుడు. బాలచంద్రునికి అన్నదమ్ముడుగా పెరిగాడు. బ్రాహ్మణుడు రణరంగంలో చావరాదని బాలచంద్రుడు ఉపాయంగా అతన్ని వెనక్కు పంపించాడు. సంగతి తెలిసిన అనపోతు, తనను వదలి వెళ్ళారన్న బాధతో అక్కడే ప్రాణం తీసుకొన్నాడు. బాలచంద్రుని సోదర వర్గంలో బ్రాహ్మణుడే కాదు, వేరువేరు వృత్తుల బిడ్డలు వున్నారు. అందరినీ అన్నదమ్ములుగానే కథ లెక్కించింది.

ఇక బ్రహ్మనాయుడి సంగతి మరీ విచిత్రం. మాచర్ల చెన్నకేశవస్వామి భక్తుడు, మంత్రి. అన్ని కులాల వారినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టించినవాడు. మాల కులంలో పుట్టిన కన్నమదాసును పెద్దకొడుకుగా స్వీకరించి సేనను అతని చేతిలో పెట్టినవాడు. కోడిపందెంలో ఓడి, ఏడేళ్ళు వలస తిరిగి, చివరికి కన్నకొడుకు బాలచంద్రుణ్ణి యుద్ధంలో పోగొట్టుకొన్నాడు. అటువంటి మనిషి యుద్ధంలో చనిపోలేదు. అంతా అయిన తరువాత పిడుగురాళ్ళ దగ్గరి గుత్తికొండ బిలంలోకి నడిచి వెళ్ళిపోయాడని, తిరిగి రాలేదని జనం చెప్పుకొంటారు. అందుకే ఆయనకు చచ్చిన చోటు లేదు, వెళ్ళిన చోటు మాత్రమే వుంది. నేటికీ తొలి ఏకాదశికి ఆ బిలానికి జనం తండోపతండాలుగా పోతారు. బ్రహ్మనాయుడి నృసింహకుంతం, కన్నమదాసు భైరవఖడ్గం మాత్రం కారంపూడిలో పూజలందుకొంటున్నాయి.

రక్తం వారసత్వమా, ఆచారం వారసత్వమా?

పూర్వికుడంటే రక్తసంబంధం వుండి తీరాలని మనం అనుకొంటాం. బాలచంద్రుని కథ చూస్తే ఆ లెక్క కుదరదు. మాంచాల దగ్గరకు వెళ్ళిన రాత్రి తెల్లవారితే యుద్ధం. ఆమె వీరతిలకం దిద్ది పంపింది. ఆయన తిరిగి రాలేదు. వారికి బిడ్డలు వున్నారన్న మాట కథలో లేదు. అనపోతు సంగతీ అంతే. అయినా వీరందరినీ మా పెద్దలే అని తలుచుకొనే ఇళ్ళు వున్నాయి.

దీనిని బట్టి ఒక విషయం స్పష్టమవుతుంది. బిడ్డలు లేకుండా చనిపోయిన వారిని కూడా అనాథలుగా వదిలిపెట్టకూడదని పల్నాటివారు నిశ్చయించుకొన్నారు. కొణతం అందుకొన్నవాడే వారసుడు. కనుక "మా తాత ఆ వీరునికి ఎన్నో తరం?" అని లెక్క తీయబోయేవారు ఈ తేడాను ముందు మనసులో పెట్టుకోవాలి. కొన్ని ఇళ్ళకు అది వంశం కావచ్చు, కొన్ని ఇళ్ళకు ఒప్పుకొన్న బాధ్యత కావచ్చు. రెండింటిలో ఏదీ తక్కువ కాదు.

పాట ఒక సాక్షి

ఈ వీరుల సంగతి మనకు దక్కింది మొదట పాట వల్లనే. వీర విద్యావంతులు అనే గాయకులు కత్తి చేతబట్టి, పంబ, తిత్తి, తాళాల నడుమ ఈ కథను రాత్రుల తరబడి పాడతారు. వీరు దళిత కుటుంబాల వారు. భూములు, మాన్యాల లెక్కలు ఊళ్ళో పలుకుబడి గలవారి దగ్గర వుంటే, చనిపోయిన వీరుల లెక్క మాత్రం వీరి నాలుక మీద వుండిపోయింది. చాకలి, మంగలి, కుమ్మరి, మాల అని చూడకుండా యుద్ధంలో పోయిన ప్రతివాడి పేరూ పాటలో చెప్పవలసిందే. ఏ రాజు శాసనంలోనూ ఎక్కని మనుషులు ఈ పాటలో ఎక్కారు.

1974లో జీన్ రోఘేర్ అనే అమెరికా పరిశోధకుడు పల్నాటికి వచ్చి, ఆలిశెట్టి గాలెయ్య అనే విద్యావంతుడు పాడిన కథను టేపురికార్డరు మీద ఎక్కించుకొన్నాడు. దానిని ఇంగ్లీషులోకి మార్చి, అధ్యయనంతో కలిపి 1982లో ఆక్స్‌ఫర్డ్ వారి ద్వారా పుస్తకంగా తెచ్చాడు. మన పక్క ఊరి పాట ఎక్కడో విదేశీ గ్రంథాలయాల బీరువాలో చేరింది. మన ఇళ్ళలో మాత్రం వినేవారు కరువయ్యారు. ఇది కాస్త సిగ్గుపడవలసిన విషయమే.

పాటతో ఒక చిక్కు లేకపోలేదు. పాటకు సంవత్సరం వుండదు. పాడేవాడు మారితే వరుస కొంచెం మారుతుంది. యుద్ధం క్రీ.శ. 1182 ప్రాంతంలో జరిగిందన్నది చరిత్రకారులు కట్టిన లెక్క గాని, పాటలో చెప్పినది కాదు. కాబట్టి ఒకరి పాట విని ఆగిపోకుండా, వీలయితే ఇద్దరు ముగ్గురి నోట విని పోల్చుకోవాలి. ముగ్గురూ ఒక్క తీరుగా చెప్పినది గట్టిది. ఒక్కరే చెప్పినదాన్ని పక్కన రాసి పెట్టుకోవాలి.

పుస్తకం చెప్పేది కొంతే

పేటకు దగ్గరలోని కొండవీడులో పెదకోమటి వేమారెడ్డి వద్ద విద్యాధికారిగా వున్న శ్రీనాథుడి పేరు తెలియనివారు లేరు. పల్నాటి వీరచరిత్ర ద్విపద ఆయన రచనగానే ప్రసిద్ధం. పల్నాటివాడే అయిన అక్కిరాజు ఉమాకాంతం దానిని పరిష్కరించి, 1911లో అచ్చు వేయించారు. ఆ పుస్తకం రాకుంటే చదువుకొన్నవారు ఈ కథను పల్లెపాట అని కొట్టిపారేసి వుండేవారు.

అయితే శ్రీనాథుడి కాలం పదిహేనో శతాబ్దం. యుద్ధం జరిగిన రెండు వందల ఏళ్ళకు పైబడిన తరువాత రాసినది. పైగా మనకు ఆయన పేరిట దొరికినది బాలచంద్రుని యుద్ధ భాగమే. మిగతా ఘట్టాలకు ముదిగొండ వీరభద్రకవి వంటి తరువాతి కవులను చూడవలసిందే. బాలచంద్రుని వెంట నడిచిన వీరుడైతే పుస్తకంలో జాడ దొరికే అవకాశం ఎక్కువ. మందపోరులో చనిపోయినవాడైతే మళ్ళీ పాట దగ్గరికే రావాలి.

కరణం కట్టలు ఎంతదూరం పోతాయి?

ఇదంతా పైనుంచి కిందికి వచ్చే దారి. ఇప్పటి నుంచి వెనక్కు పోయే దారి వేరు. అది కాగితాల దారి.

మొదట ఇంటిలో దొరికే దస్తావేజులు, పట్టాలు, పెళ్ళి శుభలేఖలు, చావు పుట్టుకల నకళ్ళు పోగు చేయాలి. ఆ తరువాత రెవెన్యూ కచేరీలో రీసెటిల్‌మెంట్ రిజిస్టరు. దీనినే మనవైపు డైగ్లాట్ అంటారు. ఇంటికి ఏదైనా ఇనాం భూమి వుండి వుంటే, 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ తయారుచేసిన రిజిస్టరులో భూమి ఎవరి పేర వుండేదో, ఎందుకు ఇచ్చారో, అప్పుడు అనుభవిస్తున్నది ఎవరో దొరుకుతుంది. గుడి సేవకు, వీరుల కొలువుకు భూమి వున్న కుటుంబాలకు ఇది ఎంతో ఉపయోగం.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటి వుంది. పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. దానికి ముందు ఇదంతా గుంటూరు జిల్లా. కాని ఆ గుంటూరు జిల్లా కూడా 1859లో రద్దయి, 1904లో మళ్ళీ ఏర్పడినదే. ఆ నడిమి నలభై అయిదేళ్ళు ఈ ప్రాంతం కృష్ణా జిల్లాలో వుంది. 1870 నాటి కాగితం కోసం గుంటూరు పేరు మీద వెతికి, లేదనుకొని తిరిగివచ్చేవారు కృష్ణా జిల్లా పేరు మీద అడిగితే దొరికే వీలుంది.

అంతకంటే వెనక్కు పోతే కైఫీయత్తులు వున్నాయి. కర్నల్ కాలిన్ మెకంజీ కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరుల వంటి సహాయకులతో ఊరూరా కరణాల దగ్గరున్న కవిలెలను, స్థానిక వృత్తాంతాలను రాయించి సేకరించాడు. మెకంజీ 1821లో చనిపోయాడు. ఆ తెలుగు రాతప్రతులు చెన్నైలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి చేరాయి. కొన్ని సంపుటాలు అచ్చయ్యాయి కూడా. ఊరు ఎప్పుడు కట్టారు, గుడి ఎవరిది, మిరాశీ ఎవరిది అన్న సంగతులు వాటిలో వుంటాయి.

ఆ పైన దారి సన్నగిలిపోతుంది. 1832-33 నందన నామ సంవత్సరపు కరువులో గుంటూరు ప్రాంతంలో అయిదు లక్షల జనాభాలో లక్షన్నర నుంచి రెండు లక్షల మంది వరకు చనిపోయారని లెక్కలు చెబుతున్నాయి. ఇళ్ళకు ఇళ్ళే ఖాళీ అయ్యాయి, మిగిలినవారు చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారు. కవిలె కట్టలూ వారితోనే పోయాయి. 1984లో కరణాల వ్యవస్థ రద్దయినప్పుడు కూడా, ఇళ్ళలో వున్న పాత కట్టలను చాలాచోట్ల ఎవరూ పట్టించుకోలేదు. చెదలకు, ఎలుకలకు అవి ఆహారమయ్యాయి.

అంటే కాగితం పట్టుకొని వెనక్కు నడిస్తే ఏ కుటుంబమైనా మహా అయితే రెండు వందల ఏళ్ళు పోగలదు. పాట పట్టుకొని ముందుకు వస్తే 1182 దగ్గర మొదలవుతుంది. నడుమ ఆరు వందల ఏళ్ళకు పైగా వున్న అగడ్తకు కాగితపు వంతెన లేదు. దానిని దాటించినది ఏటేటా ఒక చేతి నుంచి మరో చేతికి మారిన కొణతం ఒక్కటే. కులం పెద్దల చేతనో, డబ్బు తీసుకొనేవారి చేతనో తరాల పట్టిక రాయించుకొని, బ్రహ్మనాయుడి దాకా పేర్లు అతికించుకోవడం వల్ల లాభం లేదు. అది పూర్వికునికి గౌరవం కూడా కాదు.

తేదీ తెలిస్తే కలిగే లాభం

కాగితం ఎందుకు అవసరమో తెలుసుకోవడానికి మరీ దూరం పోనక్కరలేదు. కన్నెగంటి హనుమంతు పల్నాటివాడే. అడవిలో పశువులు మేపుకొన్నందుకు పుల్లరి కట్టేది లేదని జనాన్ని కూడగట్టి, మించాలపాడు వద్ద తుపాకి గుండ్లకు బలయ్యాడు. ఆయన ధైర్యం గురించి పాటలు చెబుతాయి, నాటకాలు చెబుతాయి. కాని ఆయన చనిపోయిన రోజు 1922 ఫిబ్రవరి 22 అని కాగితంలో చూసి, ఆ నెల పత్రికలు తిరగేస్తే మరో సంగతి బయటపడుతుంది. చౌరీచౌరా సంఘటన తరువాత కాంగ్రెసు వారు బార్డోలీలో సమావేశమై శాసనోల్లంఘన నిలిపివేయాలని తీర్మానించినది ఫిబ్రవరి 12న. అంటే పైన ఉద్యమం ఆగిపోయిన పది రోజులకు, కింద పల్నాటి రైతు చనిపోయాడు. ఆ ఒంటరితనం పాటలో వినిపించదు. రెండు తేదీలు పక్కపక్కన పెట్టినప్పుడే కనిపిస్తుంది.

పేటకు దగ్గరి పెదనందిపాడు ఫిర్కాలో అదే కాలంలో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వాన పన్నుల నిరాకరణ జరిగింది. అందులో జప్తులు భరించిన ముత్తాతలు ఈ చుట్టుపక్కల ఎన్నో ఇళ్ళలో వున్నారు. వారి సంగతులకు ఇంకా కాగితాలు దొరుకుతాయి. వీరుల ఆచారం లేని కుటుంబాల వారు ముందుగా అక్కడ మొదలుపెట్టవచ్చు.

చేయవలసినది

మొదట ఇంట్లో పెద్దవారి దగ్గర కూర్చొని అయిదు మాటలు రాసుకోవాలి. ఇంటిపేరు, గోత్రం. పాత ఊరు. కొణతానికి పిలిచే పేరు. కారంపూడిలో దానికి ముఖ్యమైన రోజు. మీకంటే ముందు దానిని మోసినవారి పేర్లు, గుర్తున్నంత వరకు. ఈ చివరి పట్టికే నిజమైన వంశావళి. అయిదుగురి పేర్లు వచ్చినా నూరు సంవత్సరాలకు పైగా లెక్క తేలుతుంది.

రెండవది, కొణతాన్ని కొలిచి, ఫొటో తీసి పెట్టుకోవాలి. దాని మీద అక్షరాలో, గుర్తులో వుంటే యాసిడ్‌తో రుద్ది చెరపరాదు. పాత ఇనుమని మార్చి కొత్తది చేయించుకొంటే పాతదాని జాడ పోయినట్లే.

మూడవది, పాట. పాడే వయోవృద్ధులు ఇంకా వున్నారు. రోఘేర్ దొర 1974లో టేపురికార్డరు మోసుకొని సముద్రాలు దాటి వచ్చాడు. నేడు ప్రతివారి జేబులోనూ ఫోను వుంది. తమ వీరుని ఘట్టం ఒక్కటి పాడించుకొని, రికార్డు చేసుకొని, పాడిన వారికి తగిన సంభావన ఇచ్చి, పాడినవారి పేరు, ఊరు, తేదీ దాని మీద రాసి పెట్టుకొంటే ముందుతరాలకు అదే కైఫీయత్తు. ఉచితంగా పాడించుకొని పంపడం ధర్మం కాదు. ఎనిమిది శతాబ్దాలు మన పెద్దల పేర్లు మోసినవారికి ఆ రుణం చెల్లించవలసి వుంది.

ఉత్సవం రోజులలో కారంపూడిలో డప్పుల మోతకు, జనం తాకిడికి ఎవరితోనూ స్థిమితంగా మాట్లాడే వీలుండదు. అందుచేత కార్తీక అమావాస్యకు కనీసం నెల రోజుల ముందుగా ఒకసారి వెళ్ళి, వీర్లగుడి వద్ద పెద్దలను, విద్యావంతులను కలిసి సంగతులు రాసుకొని రావడం మేలు. ఆ తరువాత మందపోరు నాడు చాపకూడులో కూర్చొన్నప్పుడు, పక్కనున్న ఇంటివారి వీరుడెవరో కూడా అడిగి తెలుసుకోవచ్చు.